ఇండస్ట్రియల్ మోడల్ టీపాయి

"ఏం చెక్కండీ ఇది? టేకా?" అంటూ పెళ్ళికొడుకు తండ్రి దేవదానం మాస్టారు టీపాయి మీద అరచేత్తో ఒకటికి రెండుసార్లు గట్టిగా చరిచారు.

ఆ దెబ్బకి ప్రభు గుండె కూడా అదిరింది. చెల్లెలు హెలెన్ పెళ్ళిచూపులకి చీరాల నుంచి వచ్చినవాళ్ళు ఇంట్లో అన్నీ వదిలేసి ఆ టీపాయినే పట్టుకున్నారు.

"తెలీదండి. విజయవాడలో కొన్నాం," అన్నాడు ప్రభు. "ఇండస్ట్రియల్ మోడల్ అంటారండి. ఇప్పుడందరూ ఇవే వేసుకుంటున్నారు."

అంతా పచ్చి అబద్ధం. ఫోన్లో వీడియో చూసి, గుంటూరులో తను పనిచేసే కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ బస్తాల కింద వేసే పాత చెక్కలు అడిగి తెచ్చుకున్నాడు. విరిగిన ర్యాకుల ఇనప గొట్టాలకి నల్లరంగు కొట్టి కాళ్ళు చేశాడు. గీతలూ మేకుల బొక్కలూ కనబడితేనే అందమని వీడియోలో చెప్పారు కాబట్టి పాలిష్ ఖర్చూ తప్పింది. పేదవాడికి కలిసొచ్చిన ఫ్యాషన్ అదొక్కటే! రాత్రి తెచ్చి ముందుగదిలో పెట్టి దుప్పటి కప్పాడు. పొద్దున దుప్పటి తీస్తుంటే వాళ్ళమ్మ జయకుమారి దగ్గింది గానీ, తాలింపు ఘాటేమో అనుకున్నాడు.

"ముందు ప్రార్థన చేసుకుందాం," అన్నారు, సంబంధం తెచ్చిన పాస్టరుగారు.

అందరూ టీపాయి చుట్టూ తలలు వంచారు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"కృపగల తండ్రీ, ఈ రెండు కుటుంబాలనూ..." అని పాస్టరుగారు మొదలుపెట్టారో లేదో జయకుమారి ముక్కు చీదింది. మాస్టారి కళ్ళు చెమర్చాయి. తన ప్రార్థన ఇంతగా కదిలించిందా అని పాస్టరుగారికి హుషారొచ్చింది. గొంతు పెంచారు. పెంచిన గొంతులోంచి వాక్యానికి బదులు తుమ్ము వచ్చింది. దాని వెనకాల ఇంకోటి. ఆమెన్ అన్న మాట దగ్గుల్లో ఎటు పోయిందో ఎవరికీ వినబడలేదు.

"కిటికీలు తియ్యండి! ఎవరో మిరపకాయలు కాలుస్తున్నారు!" అని అరుస్తూ మాస్టారు కళ్ళు నులుముకున్నారు. టీపాయిని చరిచిన చెయ్యే అది. "అమ్మో!" అని ఎగిరి లేచారు. ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"ఏమయ్యా ప్రభూ! విజయవాడలో టీపాయిలకి కారం పూసి అమ్ముతున్నారా?"

ప్రభుకి తల కొట్టేసినట్టయింది. హెలెన్ అతనికేసి చూసింది.

"చెప్పెయ్ అన్నయ్యా," అంది దగ్గుతూనే.

"కొన్నది కాదండి. నేనే చేశాను," అన్నాడు ప్రభు. నేలకేసి చూస్తూ అన్నాడు. "చెక్కలు మా కోల్డ్ స్టోరేజీవి. బాగా ఘాటుండే తేజ రకం మిరపకాయల బస్తాల కింద ఉన్నవి. సందుల్లో పొడి ఉండిపోయినట్టుంది."

"మేనేజరునన్నావు కదా! ఆ మాత్రం చూసుకోవద్దా?"

"మేనేజర్ని కూడా కాదండి. అక్కడ మిరపకాయ బస్తాలు మోస్తాను."

జయకుమారి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఘాటుకో సిగ్గుకో ఆవిడకే తెలియాలి. పాస్టరుగారు నీళ్ళు కావాలంటూ వరండాలోకి పరుగెత్తారు.

"బాగుందమ్మా సంబడం!" అన్నారు మాస్టారు. "మావాడు బెంగళూరులో ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. వాడి స్నేహితులొచ్చి మీ బావమరిది ఏం చేస్తాడంటే బస్తాలు మోస్తాడని చెప్పుకోవాలా?"

పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో ప్రభుకి అప్పుడు తెలిసింది. నిజంగానే సిగ్గుపడ్డాడు. చేసే పనికి కాదు, దాన్ని దాచినందుకు. ఈ వెధవ టీపాయి కోసం, చెల్లెల్ని నలుగురిలో తలవంచుకునేలా చేసినందుకు.

"తప్పయిపోయిందండి," అన్నాడు చేతులు జోడించి. "నా మీద కోపం పిల్ల మీద పెట్టుకోకండి. బీఈడీ చదివింది, బళ్ళో పాఠాలు చెబుతుంది, అవి నిజం. ఈ ఘాటు సంగతి నాకు దేవుడి తోడు తెలీదండి. మా పనిలో మొదటి ఏడాది అందరం ఏడుస్తాం. తర్వాత ముక్కూ కళ్ళూ మొద్దుబారిపోతాయి. ఎంత ఘాటున్నా ఒక్క తుమ్ము రాదు. తెలిస్తే దీన్ని ఇంట్లోకి తెస్తానా?"

"అదంతా మాకెందుకయ్యా!" మాస్టారు రుమాలు ముక్కుకి కట్టుకుని గుమ్మం దాటారు. అక్కణ్ణించే కేకేశారు. "ఒరేయ్ జోసఫ్, లేరా! ఈ గదిలో ఇంకో నిమిషం ఉంటే నీకు ఊపిరాడదు!"

పెళ్ళికొడుకు జోసఫ్ లేవలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని టీపాయి ముందే తలవంచుకుని కూర్చున్నాడు. చదువుకున్న కుర్రాడు కదా, ఛీ అనడానికి మనసు రావట్లేదు కాబోలు అనుకున్నాడు ప్రభు.

"మీరూ వెళ్ళండి బాబూ," అన్నాడు మెల్లగా. "మాదే తప్పు."

హెలెన్ పమిటతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చి జోసఫ్‌కి ఎదురుగా నిలబడింది. అప్పుడు తలెత్తాడతను. ఆ కళ్ళలో ఒక్క చుక్క నీరు లేదు. హెలెన్ అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత దగ్గు ఆపుకుని, గుమ్మం దాకా వినబడకుండా, ఎంతో మర్యాదగా అడిగింది.

"మీరు ఏ కోల్డ్ స్టోరేజీలో చేస్తారండీ?"