ఎనిమిది మెట్లు

"ఎత్తను" అంది డ్రైవరమ్మ.

బేకరీ యజమానికి తన చెవుల మీద తనకే నమ్మకం కలగలేదు. "ఏమన్నావూ?"

"ఎత్తనన్నానండీ. ఒక్కదాన్నే అయితే ఎత్తను."

లారీ వెనక పలక మీద నుంచి దిగిన చెక్కపెట్టె వాళ్ళిద్దరి మధ్య గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. అందులో పిండి కలిపే మిషను. బరువు నూట నలభై కిలోలని పెట్టె మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. అది చేరాల్సింది కింది వంటగదికి. మధ్యలో ఎనిమిది మెట్లు. ఇరుకు మెట్లు. మూడోదాని అంచు విరిగిపోయింది, ఆరోదాని మీద నూనె డబ్బాలు. అప్పుడే కడిగారేమో, అన్నీ తడిగా మెరుస్తున్నాయి.

"ఒక్కదానివేం? పైనుంచి నేను పట్టుకుంటాగా! నువ్వు కింద నిలబడి వీపు ఆనిస్తే చాలు. జారుకుంటూ అదే దిగుతుంది."

"అది జారితే ముందు దిగేది నేనండీ. నా మీద అది."

కౌంటరు దగ్గరున్న యజమాని అల్లుడు కిసుక్కున నవ్వాడు. మామగారి చూపు తగలగానే బిస్కట్ల సీసా తుడవడంలో మునిగిపోయాడు.

"ఆడవాళ్ళని పంపితే ఇదిగో, ఇంతే సంగతులు" అన్నాడు యజమాని. "ఇదివరకు మీ కంపెనీ నుంచే ఒకడొచ్చేవాడు. వస్తాదు అనేవాళ్ళం. ఆ ఓవెన్ వాడు తెచ్చిందే. ఇవే మెట్లు! తాడుతో వీపుకి కట్టుకుని ఒక్కడే చిటికెలో దించేశాడు. కిక్కురుమంటే ఒట్టు. అదీ మగాడంటే!"

డ్రైవరమ్మ ఆ మాట విననట్టే మెట్ల వైపు చూసింది.

"నలుగురు మనుషులు కావాలి. రెండు తాళ్ళు, రెండు పొడుగాటి చెక్కలు. ముందు ఆ డబ్బాలు తీయించి, మెట్లు పొడిగా తుడిపించండి. అప్పుడు దించుదాం."

"నా కొట్లో నాకే హుకుములా? ఉండు, నీ సంగతి మీ ఓనరుతోనే తేలుస్తాను."

నలుగురికీ వినపడాలని స్పీకరు పెట్టి మరీ ఫోన్ చేశాడు. కంపెనీ ఓనరు అంతా విని నిట్టూర్చాడు.

"ఏంటమ్మా ఇది? వాళ్ళు పాత పార్టీ. ఈ ఒక్కసారికి ఎలాగోలా దించేసెయ్."

"'ఈ ఒక్కసారికి' అని ఇంతకుముందు కూడా అన్నారు సార్, మీరు."

ఆమె ఫోనుకి దగ్గరగా వంగింది.

"బండి తాళాలు కావాలంటే సాయంత్రం మీ టేబుల్ మీద పెడతాను. ఇది మాత్రం ఎత్తను" అంది.

ఫోన్లో ఓనరు గొంతు సవరించుకున్న చప్పుడు. "ఆమె చెప్పినట్టే కానివ్వండి బాబూ" అని, జవాబు కోసం ఆగకుండానే పెట్టేశాడు.

యజమాని మొహం కందగడ్డ అయింది. "నువ్వు కాకపోతే నాకు చేతుల్లేవా?" అంటూ చొక్కా చేతులు మడిచి, వంగి పెట్టెను వాటేసుకున్నాడు. పళ్ళు బిగించి ఒక్క ఊపు ఊపాడు. పెట్టె కదల్లేదు. ఆయన బొత్తాం ఒకటి తెగి ఎగిరిపోయింది.

"నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి" అంది డ్రైవరమ్మ. "అయినా అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు."

ఆయన లేచి, నడుం పట్టుకుని, లోపలికి చూసి గట్టిగా అరిచాడు. "ఒరేయ్, పిండి దగ్గర ఇద్దరూ రండి! అల్లుడుగారూ, మీరు కూడా."

పావుగంటలో మెట్లు పొడిబారాయి. డబ్బాలు పక్కకెళ్ళాయి. మెట్ల మీద చెక్కలు పరిచారు. పెట్టెకు తాళ్ళు బిగించి, గుమ్మం పక్క ఇనప స్తంభానికి రెండు చుట్లు తిప్పి, నలుగురూ పైనుంచి పట్టుకున్నారు. డ్రైవరమ్మ ఓరగా నిలబడి చెయ్యి ఊపింది.

"పెట్టె కింద వైపు ఎవరూ ఉండొద్దు. వదలండి... కొంచెం... ఇంకొంచెం..."

మూడో మెట్టు దగ్గర చెక్క ఫట్టున విరిగింది. పెట్టె ఒక్కసారిగా ముందుకు తూలింది. "అమ్మో!" అన్నాడు అల్లుడు. తాళ్ళు వీణ తీగల్లా బిగుసుకున్నాయి, కానీ తెగలేదు. పెట్టె గాల్లోకి ఓ మూల లేపి ఆగిపోయింది.

దాని కింద ఖాళీ మెట్లు. యజమాని ఆ ఖాళీని చూసి తాడు మరింత గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వీపు అక్కడ ఆనించమన్నది తనే.

ఇంకో చెక్క తెచ్చి వేశారు. మిషను కిందికి చేరింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

కాగితం మీద సంతకం పెట్టే వేళకి యజమానికి ఊపిరి కుదుటపడింది, బింకం కూడా తిరిగొచ్చింది.

"సరే, నీ పంతమే నెగ్గింది. అయినా నలుగురం కలిసి అరగంట పడ్డాం. వాడు ఒంటిచేత్తో చేసేవాడు. ఇంతకీ ఆ వస్తాదు ఇప్పుడెక్కడున్నాడు? ఎక్కడో పెద్ద జీతానికి కుదిరి ఉంటాడు. కనపడితే నేనడిగానని చెప్పు. బరువెత్తడం ఎలాగో కాస్త వాడి దగ్గర నేర్చుకో."

డ్రైవరమ్మ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"రోజూ నేర్చుకుంటూనే ఉన్నానండీ. మీ ఓవెన్ దించి ఇంటికొచ్చిన రోజు నుంచీ, మంచం మీంచి కుర్చీలోకి మా ఆయన్ని ఎత్తేది నేనొక్కదాన్నే."