భుజాల మీద గుండీలు

"విప్పెయ్," అంది అత్తగారు. "రెండు భుజాలూ విప్పెయ్."

నర్సు ఒళ్ళోని అల్లికను రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. "విప్పను టీచర్."

గదిలో అల్లిక నేర్చుకుంటున్న మిగతా అయిదుగురి సూదులూ టక్కున ఆగిపోయాయి. మంచినీళ్ళ గ్లాసులు తెస్తున్న కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. కాపురానికి వచ్చిన ఈ మూడేళ్ళలో అత్తగారి మాట కాదన్న మనిషిని ఆమె చూడలేదు. తనూ ఎన్నడూ కాదనలేదు.

కొత్తగా సూదులు పట్టినవాళ్ళ కోసమని అత్తగారు కూర్చుని ఆలోచించి గీసిన టాపు అది. ముందొక పలక, వెనకొక పలక. సన్నటి నూలు, లావు సూదులు, ఎండాకాలం ఒంటికి గాలి తగిలేలా వదులు అల్లిక. మెడకీ చేతులకీ చోటు వదిలి భుజాలూ పక్కలూ కుట్టేస్తే అయిపోయింది. లెక్క తప్పుదామన్నా వీల్లేనంత తేలిక. పోయిన శనివారం దాకా నర్సు కూడా అందరిలాగే బుద్ధిగా అల్లింది. ఈ వారం మాత్రం భుజాలు కలపకుండా ఇటు మూడు గుండీలు, అటు మూడు గుండీలు పెట్టుకొచ్చింది. ఎడమ పక్క కుట్టు కూడా వదిలేసి, పైనుంచి కింది దాకా ముడివేసుకునే నాడాలు పెట్టింది.

"ఇదెవరికి? చంటిపిల్లకా?"

"పెద్దావిడకే టీచర్."

"పెద్దావిడైతే తల మీంచి తొడుక్కోలేదా?"

"లేదు టీచర్."

"అసలు కాజాలు అల్లడం నేను నేర్పనే లేదుగా!"

"ఇంట్లో నేర్చుకున్నాను. ఏడుసార్లు అల్లాను, ఏడుసార్లు విప్పాను." నర్సు కళ్ళ కింద నల్లగా ఉంది. డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చినట్టుంది, కాళ్ళకి ఆసుపత్రి తెల్లబూట్లే ఉన్నాయి.

"మొదటి టాపుకే సొంత తెలివి చూపిస్తే ముందుముందు ఏం నేర్చుకుంటావ్? వచ్చే వారం నుంచి సరిదిద్దడానికి నేను కూడా ఉండను."

"ఎక్కడికి టీచర్?" అంది కిటికీ పక్కన కూర్చున్నావిడ.

"మా అక్క దగ్గరికి. నెల్లాళ్ళు. సోమవారం ప్రయాణం."

ఆ సోమవారం కోసం కోడలు పైకి అనలేదు గానీ వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంటోంది. అత్తగారు చెడ్డ మనిషేం కాదు. ఒక్క మాట తూలదు, కోడలి పనికి ఒక్క వంక పెట్టదు. కాకపోతే ఏదీ అడగదు. జ్వరమొస్తే తన మాత్ర తనే తెచ్చుకుంటుంది. తన బకెట్టు తనే మోసుకుంటుంది. కొడుకు బస్సెక్కిస్తానన్నా, "నాకు బస్సెక్కడం రాదనా?" అని నోరు మూయించింది. ఆ ఇంట్లో తను కోడలో, అద్దెకున్న మనిషో కోడలికి ఇప్పటికీ అంతుపట్టలేదు.

క్లాసు ముగిసింది. అందరూ సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. నర్సు కదల్లేదు. ఆఖరి గుండీ కుట్టి, దారం పంటితో తెంపి లేచింది.

"కొలత చూడాలి టీచర్. ఆవిడదీ మీదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. ఒక్కసారి వేసుకుంటారా?"

"ఇంకా నీ మాటే నెగ్గాలా?" అని విసుక్కుంటూనే అత్తగారు నిలువుటద్దం ముందుకి నడిచింది. అలవాటు కొద్దీ చేతులు పైకెత్తబోయింది.

"ఎత్తకండి," అంది నర్సు. "చేతులు కిందే ఉంచండి."

నర్సు టాపు ముందు పలకను అత్తగారి గుండెల మీద ఆనించింది. వెనక పలకను వీపు మీదుగా వేసింది. ఇటు మూడు, అటు మూడు గుండీలు పెట్టింది. ఎడమ పక్క నాడాలను ఒక్కొక్కటే, చాలా వదులుగా, లోపల ఏదో పుండు ఉన్నంత జాగ్రత్తగా ముడివేసింది. అంతసేపూ అత్తగారికి చేతులు కదపాల్సిన పనే పడలేదు.

"ఆవిడకి కొన్నాళ్ళు ఎడమచెయ్యి లేవదు టీచర్."

అత్తగారు అద్దంలోంచే నర్సు ముఖంలోకి చూసింది. వంక పెడుతుందని కోడలు ఎదురుచూసింది. కాజాలు వంకర పోయాయి, మెడ ఒక పక్కకి జారింది. మామూలుగా అయితే ఈపాటికి సూదులు చేతిలోకి వచ్చేవి. అత్తగారు మాత్రం నాడాల మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

"ఆవిడెవరో ఎవరితోనైనా అన్నావా?"

"లేదు టీచర్. నేను చెప్పకూడదు." 'నేను' అన్న మాటని నర్సు కాస్త ఒత్తి పలికింది. తర్వాత కోడలి వైపు ఒకసారి చూసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

టాపు అత్తగారి ఒంటి మీదే ఉండిపోయిందని కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. "అత్తయ్యా, మర్చిపోయినట్టుంది, పిలవనా?"

"వద్దు." అత్తగారు కుర్చీలో కూర్చుంది. "అమ్మాయ్, సోమవారం నీకేమైనా పనుందా?"

అత్తగారు తనని ఏదైనా అడగడం అదే మొదలు. కోడలు కంగారుపడింది. "లేదత్తయ్యా. సంచి పట్టుకుని బస్టాండుకి రానా?"

"బస్టాండుకి కాదు, ఆ అమ్మాయి పనిచేసే వార్డుకి. ఎడమ రొమ్ము తీసేస్తారట." అత్తగారు తల దించుకుంది. "కాగితాల్లో నాకెవరూ లేరని రాసిచ్చాను. అది కొట్టేసి నీ పేరు రాయాలి, వస్తావా?"