గీత లేని పేరు

"జర ఆ కాగితం ఇటియ్యి తమ్మీ. పేరు కాడ తప్పున్నది."

తాలూకా కచేరి మెట్ల మీద ముసలాయన చెయ్యి చాపిండు. భుజాన మాసిన గొంగడి, చెవి మీద పెన్సిలు ముక్క.

జానయ్య కాగితాన్ని రొమ్ముకు అదుముకున్నడు. ఇయ్యాలనే ఆఖరు దినం. సాగు హక్కు దరఖాస్తు పడకపోతే పదహారేండ్లు దున్నిన చెలక దొరపాలు. దొరకు నోటిమాట చాలు, దున్నేటోనికి మాత్రం కాగితం కావాలె!

జానయ్యకు చదువ రాదు, చూసి దించుడొచ్చు. సంఘపోళ్లు పంచిన అచ్చు నమూనాను మూడు దినాలు కూసోని, ముగ్గేసినట్టు మక్కీకి మక్కీ దించిండు. చుక్కలు పెట్టి ఖాళీగ ఇడిచిన జాగల మాత్రం పాత రశీదు చూసి సర్వే నంబరు ఎక్కించిండు.

"అచ్చుల తప్పెట్లుంటది?"

"ఉన్నది తమ్మీ. పేరు కింద గీత ఉండాలె, పోయింది. నీ పేరేంది? నేను దిద్దుత."

నా పేరెందుకు వీనికి? నిన్ననే దొర మనిషొకడు చూసిస్తనని పక్క చెలక బక్కమ్మ కాగితం పరపర చింపిండు.

"దొర తోలిండా నిన్ను?"

ఒక్క తోపు తోసిండు. ముసలాయన మెట్ల మీద పడ్డడు. పెన్సిలు పుటుక్కున ఇరిగింది.

"నన్ను తన్నినా సరే, పేరు మార్చు తమ్మీ!"

జానయ్య వెనక్కి చూడలే.

లోపల దరఖాస్తులు తీసుకునే పేష్కారు కాగితం చూసి నవ్విండు.

"మళ్ల లచ్చయ్యనేనా?"

"నేను జానయ్యను, బాంచెన్."

"కాగితంల లచ్చయ్యనే ఉన్నడు. నమూనాల పేరు గూడ దించుకొచ్చినవా? గీతున్న కాడ నీ పేరు రాసుకోవాలెరా!"

"గీత లేకుండె బాంచెన్!"

"అచ్చేసినోన్ని అడుగు పో."

"దిద్దుకొస్త, జర ఆగుండ్రి. కాళ్లు మొక్కుత!"

"గంట కొట్టింది. పెట్టె మూసినం."

జానయ్య మెట్ల మీదికి ఉరికొచ్చిండు. ఇరిగిన పెన్సిలున్నది, ముసలాయన లేడు. ఉడకేసిన గుడాలమ్మే జంగమ్మ గంప సదురుకుంటాంది.

"అవ్వా, గా ముసలాయన ఎవరు? యాడికి పోయిండు?"

"లచ్చయ్య. గా నమూనా ఆయన దరఖాస్తే బిడ్డా, మంచిగ రాసిండని సంఘపోళ్లు అచ్చేయించిండ్రు. పోయినేడు నకిరేకల్ దిక్కు ఊర్లకు గడువు పెట్టినప్పుడు నూటిరువై మంది ఆయన పేరుతోనే పెడితే, కచేరోళ్లు అన్నీ నకలేనని కట్టగట్టి పారేసిండ్రు."

"మరి ఆయన చెలక?"

జంగమ్మ గంప నెత్తికెత్తుకున్నది.

"ఆ కట్టలనే అసలు లచ్చయ్యది గూడ ఉండె."