అడుగున దిగిన మడ్డి

"ఇంగ భయం లేదు మారెమ్మా, సూడు!" అంటూ ఉచ్చీరప్ప తొట్టిలో నీళ్లు చెంబుతో ఎత్తి చూపించాడు.

అతను ఎమ్మిగనూరులో నూలుకు పసుపు రంగు అద్దుతాడు. పోయిన నెల ఆ రంగునీళ్లు తాగి మారెమ్మ గొర్రెలు రెండు చచ్చాయి. అప్పటినుంచి అతనికి మనసు మనసులో లేదు. రంగులమ్మే మద్రాసు ఏజెంటు చెప్పినట్టు అన్నభేది అనే ఇనుప ఉప్పు, సున్నం కలిపితే నీళ్లు తేటపడ్డాయి.

"విషం యాడికి పోయిందన్నా?"

"మడ్డిగా అడుగుకు దిగింది. నిన్ననే ఎత్తి వంకలో పోసినా."

మారెమ్మ వంక వైపు తిరిగింది. "మేము ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకునేది ఆ వంకలోనే గదన్నా! పొద్దున పిల్లోళ్లు ఆ నీళ్లే తాగినారు."

ఉచ్చీరప్ప చెంబు కింద పెట్టేశాడు. "తొట్టిలోంచి తీసేస్తే సాలనుకుంటి... ఆ నీళ్లు ఇంగ ముట్టొద్దు. మా బావిలో తోడుకో."

"ఆ బావిగట్టు మమ్మల్నెప్పుడు తొక్కనిచ్చినారన్నా?"

అతను బావి దగ్గరికి నడిచాడు. వీధంతా చూస్తుండగా తనింటి కడవ నిండా నీళ్లు తోడి ఆమె తలకెత్తాడు. పార, గంప తీసుకుని ఆమె వెంటే నడిచి, పోసిన మడ్డి ఎత్తేయడానికి వంకలోకి దిగాడు.

మోకాటిలోతు తవ్వాడు. ఇసుక ఇంకా మడ్డి రంగులోనే ఉంది.