లోపలి అట్ట

"ఇది తోలు కాకపోతే నా పేరు వెంకటాద్రే కాదు!"

తిరువూరు మెయిన్ బజారులో చాంద్‌బాషా చెప్పుల కొట్టు. బల్ల మీద తడి బూట్లు ధబ్బున పడ్డాయి. వానాకాలానికి ఏవో చూసుకుంటున్న నర్సు జ్ఞానమణి ఉలిక్కిపడి తిరిగింది.

"కూర్చోండి మాస్టారూ. ఏమైంది?" అన్నాడు బాషా.

"ఏమైందా? వాసన చూడు! పొద్దున్నే రామాలయంలో తీర్థమిచ్చే చెయ్యయ్యా ఇది. కొండ నడకకి తోలు లేని బూట్లు కావాలి, వానకి తడవకూడదు అని పదిసార్లు చెప్పానా? డబ్బా మీద వీగన్ అని రాసుంది, మీరే చదువుకోండి అన్నావు. నిన్న కొండ మీద వాన పట్టుకుంది. ఇంటికొచ్చి విప్పితే తోలు కంపు! పైగా అప్పుడే సాగిపోయి కాలు లోపల ఆడుతోంది."

బాషా ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో నొక్కాడు. లేసుల కింది నాలుక పైకెత్తి బూటు లోపల చూశాడు. అక్కడే అతని చూపు ఒక్క క్షణం ఆగింది.

"ఎలా చూసుకున్నారు మాస్టారూ వీటిని?"

"నువ్వు చెప్పినట్టే. బురద ఆరాక మెత్తటి బ్రష్షుతో దులిపాను. సబ్బునీళ్ల గుడ్డతో తుడిచాను. ఎండలో పెట్టలేదు, పాలిష్ రాయలేదు. పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టాను."

"వారానికోసారి లోపలి అట్ట ఊడదీసి, విడిగా ఆరబెట్టమన్నాను..."

వెంకటాద్రి తడబడ్డాడు. ఆ ఒక్కటీ చేయలేదు. మొదటివారం తీశాడు, మళ్లీ అతికినట్టు పెట్టడానికి అరగంట పట్టింది. దాంతో ఆ పని వదిలేశాడు.

"అదీ చేశాను!" అన్నాడు గట్టిగా.

బాషా ఆయన ముఖంలోకి చూసి కళ్లు దించుకున్నాడు. ఆ దించుకోవడమే వెంకటాద్రికి నేరం ఒప్పుకున్నట్టు కనిపించింది.

"మూడు వారాల కిందట నీ కూతురు సాహెరా పెళ్లికి మీ ఇంటికొచ్చి, పిల్లని నిండు మనసుతో దీవించి వెళ్లానే! ఆ మొహమాటమైనా లేకపోయిందా?"

జ్ఞానమణి చేతిలోని డబ్బా మెల్లగా బల్ల మీద పెట్టేసింది. "మళ్లీ వస్తాలెండి బాషాగారూ" అంటూ గుమ్మం దాకా వెళ్లి, అతని కాళ్లవైపు చూసి నవ్వింది. "అయినా ఇంత కొట్టు పెట్టుకుని మీరు హవాయి చెప్పులేసుకున్నప్పుడే మీ సరుకు సంగతి అనుకోవాల్సింది!"

బాషా బల్ల కింద నుంచి ఒక జత తీశాడు. అదే రంగు, అదే కంపెనీ. లోపల పేపరు కుక్కి ఉంది.

"పొరపాటు జరిగింది మాస్టారూ. ఇవి తీసుకెళ్లండి. వాటిని ఇక్కడే వదిలేయండి."

"డబ్బా ఏదీ?"

"డబ్బా లేదండి. బూట్లు మాత్రం తోలువి కావు. అల్లా సాక్షి."

వెంకటాద్రి అక్కడే తొడుక్కుని చూశాడు. కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయి. గెలిచినవాడిలా ఇంటికి నడిచాడు.

కానీ అన్నం సయించలేదు. తోలు సంగతి పక్కనపెడితే, తానాడిన అబద్ధం గొంతులో ముల్లులా ఉంది. అట్ట తీశానన్నాడు. తీయలేదు. నలభయ్యేళ్లు పిల్లలకి నిజం చెప్పండర్రా అని బెత్తం ఆడించిన మనిషి!

ఈసారైనా చెప్పింది చెప్పినట్టు చేయాలని, సాయంత్రం అరుగు మీద కూర్చుని బూటులో వేళ్లు పెట్టి లోపలి అట్ట పైకి లాగాడు.

అట్ట అడుగున ఎర్రసిరాతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: వెంకటాద్రి.

"గుడి ముందు మారిపోకుండా అని కొన్నరోజే మీరు రాసుకున్నారుగా! దాన్నేంటండీ అలా చూస్తున్నారు?" అంది గుమ్మంలోంచి భార్య శ్యామలాంబ.

ఇవే తన బూట్లు. మరి ఇన్నాళ్లూ తాను తొడిగినవి ఎవరివి? ఏ గుడి ముందు మార్చి తొడుక్కొచ్చాడో! అంతమంది తిరిగే కొట్టులో దొంగ అన్నంత పని చేశాడే! కనీసం వారం వారం అట్ట తీసి ఉంటే ఎప్పుడో తెలిసేది. అట్ట తీశానన్నప్పుడే తన అబద్ధం బాషాకి తెలిసిపోయి ఉంటుంది.

ఒకరి ముందు అన్నమాట వాళ్ల ముందే వెనక్కి తీసుకోవాలి. తిన్నగా జ్ఞానమణి ఇంటికి వెళ్లాడు. "ఒక్కసారి నాతో రా అమ్మా" అని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చాడు.

"జ్ఞానమణీ, ఇతను నన్ను మోసం చేయలేదు. నేనే ఎవరివో బూట్లు తొడుక్కుని తిరిగాను. పైగా అట్ట తీశానని అబద్ధమాడాను." బాషా వైపు తిరిగాడు. "బాషా, నన్ను మన్నించు. నీకు పొద్దున్నే తెలుసు కదా! అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?"

"అందరిలో చెప్పే మాటా మాస్టారూ అది? కూర్చోండి, టీ తెప్పిస్తాను."

"టీ ఎందుకులే. ఆ బూట్లు ఎవరివో, ఇన్నాళ్లుగా నన్నెంత తిట్టుకుంటున్నారో! ఎలాగైనా ఆయన్ని వెతికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి."

జ్ఞానమణి ఆ మాట వినడం లేదు. బల్ల కిందికి వంగి చూస్తోంది. "అదేంటి బాషాగారూ, పొద్దున హవాయి చెప్పులు, ఇప్పుడు బూట్లా!"

బాషా గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"సాహెరా పెళ్లినాడు మా గుమ్మంలో పోయాయమ్మా. ఇవాళే దొరికాయి."