పూర్ణానికీ చుక్కకీ పందెం

భానుచందర్ కీబోర్డు మీద వేలు ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఎంటర్ నొక్కితే చాలు, పెళ్లో, పెళ్లి ఊసే లేకపోవడమో తేలిపోతుంది.

మట్టెవాడలో చీరల కొట్టు పై అంతస్తులో వాళ్ల ఆఫీసు. తొర్రూరు పత్తి కాంటాలకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. తూకాన్ని ఏ అంకెల్లో పెట్టాలన్నదే రోజూ గొడవ. చుక్కల్లేని పూర్ణాంకాలైతే మెషీన్ చకచకా లాగేస్తుందని పక్క సీటు వినోద. దశాంశపు చుక్కతో తేలియాడే ఫ్లోటింగ్ పాయింటూ ఏం తీసిపోదని భాను. ఆమెది పూర్ణం, అతనిది చుక్క. ఆఫీసుకు మాత్రం రోజూ బూరెల పండగే.

అలాంటి వినోదను మొన్న టీ బ్రేకులో, అందరి ముందూ, పెళ్లి చేసుకుంటావా అని అడిగేశాడు భాను.

"ముందు మన పంచాయితీ తేలనీ," అంది వినోద. "పందెం పెడదాం. నీ ఫ్లోటు గెలిస్తే సరే అంట. నా పూర్ణాంకం గెలిస్తే మళ్ల ఈ ముచ్చట ఎత్తద్దు."

ఇవాళ పందెం.

"కూడికలు పెడదామా?" అన్నాడు భాను.

"కూడికలు చిన్నపిల్లలు గూడ చేస్తరు. భాగహారం పెడదాం. ఏం భానూ, భయమైతాందా?"

"నాకేం ఫికర్," అన్నాడు, కుర్చీ ముందుకు లాక్కుంటూ. భాగస్వామిని అడిగితే భాగహారం ఎదురొచ్చింది.

చెరో ప్రోగ్రాం రాశారు. అంకెలు అవే, భాగహారాలూ అన్నే. యజమాని ఏలియా సార్ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. ఎవరి తరఫునో చెప్పలేదు.

భాను ఎంటర్ నొక్కాడు.

ఫ్లోటు ముందే వచ్చి కూర్చుంది. పూర్ణాంకం ఇంకా ఆయాసపడుతూనే ఉంది. తేలిపోతుందనుకున్నది ఒడ్డెక్కింది, మునగదనుకున్నది మునిగింది.

ఆఫీసంతా గోల. భాను కుర్చీలో కూర్చుని గిరగిరా తిరిగాడు. ఏలియా సార్ మిర్చీబజ్జీలు పురమాయించాడు. వినోద మాత్రం ముఖం ముడుచుకుని, "మాటంటే మాటే," అని మెట్లు దిగి వెళ్లిపోయింది. కొత్తగా చేరిన ప్రీతి ఆమె వెనకే పరుగెత్తింది.

భానుకు జాలేసింది. పాపం, అంత నమ్ముకున్న పూర్ణాంకమే నట్టేట ముంచింది. ఓదారుద్దామని తనూ బయల్దేరి, మెట్ల మలుపులో ఆగిపోయాడు. కింద ప్రీతి అడుగుతోంది.

"ఓడిపోయినందుకు బాధైతలేదా అక్కా?"

"నిన్న ఇదే మెషీన్ మీద ఒక్కదాన్నే నడిపి చూసిన పిల్లా, కూడికలు పెడితే నా పూర్ణాంకమే గెలుస్తాంది, అందుకే భాగహారం పెట్టిన."