ఆఖరి స్వరం

“మీ గోడ బాదే పక్కవాటా పిన్నిగారు ఇల్లు ఖాళీ చేశారు. ఇక ఆ పెట్టె ఎంతైనా మోగించుకోండి,” అన్నాడు ఇంటి ఓనరు.

పీడ విరగడైందనుకున్నాను. ఆ పెట్టె సర్క్యూట్ బోర్డులకి టంకం పెట్టి నేనే తయారుచేసుకున్న సీక్వెన్సర్, దానంతటదే మోగే వాయిద్యం. ఎనిమిది స్వరాలు ఒకదాని వెనక ఒకటి, ఆపేదాకా తిరుగుతూనే ఉంటాయి. నేను మొదలుపెట్టడమే ఆలస్యం, అవతల ఆవిడ గోడ బాదేది.

ఆ సాయంత్రం వాల్యూమ్ మొత్తం పెంచాను. గోడ ఉలకలేదు, పలకలేదు.

కాసేపు చూసి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాను. ఆఖరి స్వరం తీగ ఊడదీసి, పాత కాలింగ్ బెల్లులోని చిన్న సుత్తికి కలిపి, దాన్ని గోడకి ఆనించి బిగించాను.

ఏడు స్వరాలు మోగాయి. గోడ మీద టక్కున దెబ్బ పడింది.

“తగ్గిస్తున్నా పిన్నిగారూ,” అంటూ వాల్యూమ్ తగ్గించాను.